పొదిగే గుడ్డుకు తేమ ఎంత? తూకం చెబుతుంది

ఇంక్యుబేటర్లో, అంటే గుడ్లు పొదిగే కరెంటు పెట్టెలో, పెట్టిన కోడిగుడ్డును టార్చి వేసి చూసినప్పుడు 18వ రోజు దాకా లోపల పిల్ల కదులుతూనే ఉంటుంది. 21 దాటినా పెంకు మాత్రం పగలదు. విప్పి చూస్తే నిండుగా ఎదిగిన పిల్ల చచ్చి ఉంటుంది. దీనికి కరెంటు కోతనో, పుంజునో తప్పుపడతారు. చాలాసార్లు తప్పు తేమ కోసం పెట్టెలో ఉంచే నీళ్ల గిన్నెలో ఉంటుంది.

కోడిగుడ్డు పెంకుకు కంటికి ఆనని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. పొదిగినన్నాళ్లూ వాటిగుండా నీరు ఆవిరై పోతుంది. పోయినంత మేర వెడల్పు కొన దగ్గర గాలి అర పెరుగుతుంది. పిల్ల తొలి ఊపిరి తీసేది అందులోనే. తేమ ఎక్కువైతే అర చిన్నదైపోతుంది, ఉబ్బిన పిల్లకు తిరిగే చోటు ఉండదు. తక్కువైతే లోపొర ఎండి పిల్లను అంటుకుపోతుంది.

ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్లో 37.5 డిగ్రీల దగ్గర మొదటి 18 రోజులు 45–55 శాతం, చివరి మూడు రోజులు 65–75 శాతం తేమ ఉండాలి. అందుకు ఎంత నీళ్లు పెట్టాలన్నది మాత్రం గది గాలే నిర్ణయిస్తుంది. గాలి వేడెక్కితే అందులోని ఆవిరి అంతే ఉన్నా శాతం పడిపోతుంది. ఆదిలాబాద్ చలికాలంలో 15 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలి పెట్టెలో వేడెక్కేసరికి 16 శాతానికి దిగుతుంది. కాకినాడ వానాకాలంలో 30 డిగ్రీలు, 75 శాతం ఉన్న గాలి వేడెక్కినా దాదాపు 50 దగ్గరే ఉంటుంది. అక్కడ మొదటి 18 రోజులు చుక్క నీరు అక్కర్లేకపోవచ్చు. మిషన్‌తో వచ్చిన కాగితంలో ఉందని పెట్టె అడుగున నీళ్లు పోసే రెండు గాడులూ నింపితే గుడ్లు ముంచినట్టే.

తేమను పెంచేది నీటి లోతు కాదు, నీటి వైశాల్యం. లోతైన గ్లాసు కన్నా వెడల్పాటి మూత మేలు. ఇంకా కావాలంటే అందులో తడి స్పాంజి నిలబెట్టండి. పోసే నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చల్లటి నీళ్లు పెట్టె వేడిని లాగేస్తాయి.

చవక డిజిటల్ మీటర్లు అయిదు, పది అంకెలు తప్పు చూపడం మామూలే. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటన్ని నీటి చుక్కలు కలపండి. మీటరుతో పాటు జిప్ కవర్లో గాలి చొరకుండా మూసి 12 గంటలు ఉంచండి. 75 చూపాలి. 68 చూపితే మీ మీటరుకు ఏడు కలుపుకోవాలి.

అంతకన్నా నమ్మకమైనది వంటింటి త్రాసు. 18 రోజుల్లో గుడ్డు 13 శాతం దాకా బరువు తగ్గాలి. పది నాటుకోడి గుడ్లు కలిపి 450 గ్రాములుంటే 7వ రోజుకు 427, 14వ రోజుకు 404, 18కి 391 గ్రాముల దగ్గర ఉండాలి. 7వ రోజున 438 ఉంటే నీళ్లు తీసేయండి. 415కి పడిపోతే మరో గిన్నె పెట్టండి. మధ్యలో తీసేసిన తాలు గుడ్ల బరువును మొదటి లెక్క నుంచి కూడా తీసెయ్యడం మరవద్దు.

18వ రోజున గుడ్లు తిప్పడం ఆపి, నీటి వైశాల్యం పెంచండి. తేమ నిలవాలని పెట్టె గాలి రంధ్రాలు మాత్రం మూయకండి, ఆ మూడు రోజుల్లోనే పిల్లకు గాలి ఎక్కువ కావాలి. పెంకు మీద తొలి పగులు కనబడ్డాక బయటికి రావడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఆత్రపడి మూత తీస్తే తేమ ఒక్కసారిగా పడిపోయి, పగిలిన చోట పొర ఎండి, సగం దారిలో ఉన్న పిల్ల అక్కడే ఇరుక్కుపోతుంది.