రెండు రెక్కల వాల్వ్: అపోహలు - వాస్తవాలు

ఎకో (గుండె స్కానింగ్) చేస్తూ "గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమని దగ్గరుండే వాల్వ్‌కి మూడు రెక్కలుండాలి, మీకు రెండే ఉన్నాయి" అనగానే ఎదుటి మనిషి ముఖం వాడిపోతుంది. ఆ తర్వాత వినిపించేవి దాదాపు ఈ మాటలే.

అపోహ: పుట్టుకతో ఉన్నదైతే చిన్నప్పుడే తెలిసేది కదా!

చాలామందికి తెలియదు. ఈ బైకస్పిడ్ వాల్వ్ నూటికి ఒకరిద్దరికి ఉంటుంది, మగవాళ్లలో ఎక్కువ. ఎకోలో కూడా బోల్తా కొట్టిస్తుంది. రెక్కలు అతుక్కున్నచోట గీతలాంటిది ఉండి, మూసుకున్నప్పుడు అచ్చం మూడు రెక్కల్లాగే కనిపిస్తుంది. తెరుచుకున్నప్పుడు మాత్రం త్రికోణం బదులు చేప నోరులా ఉంటుంది. అందుకే తెరుచుకున్న ఫ్రేమ్ దగ్గర ఆపి చూడకుండా నేను రిపోర్టు రాయను.

అపోహ: ఆయాసం లేదు, ఇక చెకప్‌లెందుకు?

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. వాల్వ్ ఏళ్ల తరబడి మెల్లగా గట్టిపడుతుంటే మనిషి తనకు తెలియకుండానే మెట్లు మానేసి లిఫ్ట్ ఎక్కడం మొదలుపెడతాడు, అడిగితే "బాగానే ఉన్నా" అంటాడు. పైగా వాల్వ్ బాగా పనిచేస్తున్నా దాని పైనున్న బృహద్ధమని నొప్పి లేకుండా వెడల్పవుతూ ఉండొచ్చు. సాధారణంగా 5.5 సెంటీమీటర్లకు చేరితే ఆపరేషన్, కొందరికి ఇంకా ముందే. కాబట్టి పాత రిపోర్టులు పారేయకండి, ఈ ఏటి కొలత కంటే పోయినసారికీ ఇప్పటికీ ఉన్న తేడాయే నాకు ఎక్కువ చెబుతుంది. బీపీ అదుపులో ఉండాలి. శ్రమపడినప్పుడు ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు.

అపోహ: వ్యాయామం బంద్.

నడక, ఈత చాలామందికి మంచివే. బృహద్ధమని వెడల్పయినా, వాల్వ్ బాగా ఇరుకైనా, ఊపిరి బిగబట్టి బరువులెత్తడం మాత్రం వద్దు.

అపోహ: పళ్లకీ గుండెకీ ఏం సంబంధం?

చిగుళ్లలోని బాక్టీరియా రక్తంలో కలిసి ఈ వాల్వ్‌కి పట్టుకోవచ్చు. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లకు పన్ను తీసేముందు యాంటీబయాటిక్ ఇస్తారు, కేవలం బైకస్పిడ్ అయితే మామూలుగా అక్కర్లేదు. కారణం తెలియని జ్వరం తగ్గకపోతే అది ఈ వాల్వ్ ఇన్ఫెక్షన్ కావచ్చు, సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోకండి, రక్త పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు.

అపోహ: వాల్వ్ మార్చేస్తే పని అయిపోయినట్టే.

లోహపు వాల్వ్ అయితే జీవితాంతం వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర), రక్తం ఎంత పలుచగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు తప్పవు, దాని బదులు కొత్తరకం రక్తం పలుచన చేసే మాత్రలకు మారకూడదు. జంతు కణజాలంతో చేసిన వాల్వ్‌కి ఆ బాధ తక్కువే కానీ అది అరిగిపోతుంది, చిన్న వయసులో ఇంకా త్వరగా.

ఇంకోటి, ఇది కుటుంబాల్లో రావచ్చు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు ఒక్కసారి ఎకో చేయించుకోవాలి. ఈ మాట చెప్పగానే పిల్లల్ని మర్నాడే తీసుకొస్తారు, ఎవరి వాల్వ్ ఈపాటికి గట్టిపడుతూ ఉండొచ్చో ఆ అన్నయ్యను మాత్రం మర్చిపోతారు.