తీటా–బీటా నిష్పత్తి: ఏడీహెచ్‌డీ నిర్ధారణలో ఒక అంకె ప్రస్థానం

పిల్లవాడు కుదురుగా కూర్చోడనీ, మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తాడనీ, పిలిస్తే పలకడనీ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు చెప్పే మాటలే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే సమస్య) నిర్ధారణకు నేటికీ ప్రధాన ఆధారం. దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. అందుకే మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష ఆ లోటు తీరుస్తుందన్న ఆశ పుట్టింది. ఆ ఆశ ఎంతవరకు నెరవేరిందో తెలియాలంటే దాని చరిత్ర చూడాలి.

జర్మనీలోని యేనా నగరంలో మనోవైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో తొలిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేసి, 1929లో ఆ వివరాలు ప్రచురించారు. 1938లో అమెరికాలో జాస్పర్, సోలొమన్, బ్రాడ్లీ అనే ముగ్గురు పరిశోధకులు ప్రవర్తన సమస్యలున్న పిల్లల ఈఈజీలను పరిశీలించి, కొందరిలో మెదడు ముందుభాగపు తరంగాలు నెమ్మదించి ఉన్నట్టు గుర్తించారు. ఏడీహెచ్‌డీ అన్న పేరు 1987లో గానీ స్థిరపడలేదు కనుక, పేరు కంటే తరంగాల పరిశీలనే ముందు వచ్చిందన్న మాట.

సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు కదలాడే తీటా తరంగాలు మగతలో పెరుగుతాయి. 13కు పైబడిన బీటా తరంగాలు మెలకువతో, చురుకుదనంతో ముడిపడినవి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో మొదటివి ఎక్కువగా, రెండోవి తక్కువగా ఉంటాయన్న పరిశీలన నుంచి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తిని కొలమానంగా తీసుకోవచ్చన్న ఆలోచన 1990ల ఆరంభంలో జోయెల్ లూబార్ పరిశోధనలతో బలపడింది. 1999లో మొనాస్ట్రా బృందం 6 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న 482 మందిని పరీక్షించి, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 86 శాతం మందిని, లేనివారిలో 98 శాతం మందిని ఈ నిష్పత్తి సరిగ్గా గుర్తించిందని ప్రకటించింది. ఏళ్ల తరబడి సందిగ్ధంలో ఉన్న కుటుంబాలకు ఆ అంకెలు ఎంత ఊరటనిచ్చి ఉంటాయో ఊహించవచ్చు.

2013 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 'నెబా' అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. 6 నుంచి 17 ఏళ్ల వారికి 15–20 నిమిషాల్లో ఈ నిష్పత్తిని లెక్కకట్టే ఆ పరికరాన్ని 275 మంది పిల్లలు, కౌమారుల మీద జరిపిన అధ్యయనం ఆధారంగా అనుమతించారు. అయితే దాన్ని పూర్తి వైద్య పరీక్షలో భాగంగా, వైద్యుల నిర్ణయానికి తోడుగా వాడాలన్నదే ఆ అనుమతి సారం. ప్రచారంలో మాత్రం ఈ షరతు తరచూ వెనక్కి పోయి, 'మెదడు పరీక్షతో నిర్ధారణ' అన్న మాటే ముందు నిలవడం విచారకరం.

అదే ఏడాది ఆర్న్స్, కానర్స్, క్రేమర్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నింటినీ కలిపి విశ్లేషించగా, ఏడీహెచ్‌డీ ఉన్నవారికీ లేనివారికీ మధ్య తేడా ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతూ వచ్చినట్టు తేలింది. విచిత్రమేమిటంటే, ఏ సమస్యా లేని పిల్లల్లోనే ఆ నిష్పత్తి పెరుగుతోంది. పిల్లల నిద్ర తగ్గడం ఇందుకు ఒక కారణం కావచ్చని ఆ రచయితలు సూచించారు. మగతకూ తీటాకూ ఉన్న సంబంధం దృష్ట్యా, నిద్ర చాలని పిల్లవాడి అంకెను చదవడంలో ఎంత జాగ్రత్త అవసరమో ఇక్కడే అర్థమవుతుంది.

2016లో నాడీవైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ మరింత కచ్చితంగా మాట్లాడింది. ఏడీహెచ్‌డీ లేనివారికి ఉందని చెప్పే పొరపాట్లు అంగీకరించలేనంత ఎక్కువగా ఉన్నందున, మామూలు వైద్య పరీక్షకు బదులుగా ఈ పద్ధతిని వాడరాదని, ఆ సంగతి కుటుంబాలకు వైద్యులే చెప్పాలని సూచించింది. నిజంగా నిద్రలేమితోనో ఆందోళనతోనో బాధపడుతున్న పిల్లవాడికి ఏడీహెచ్‌డీ ముద్ర పడితే, అవసరం లేని మందు మొదలవుతుంది, అసలు సమస్య అలాగే మిగిలిపోతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో కొందరికే ఈ నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది కనుక, ఎవరికి ఏ చికిత్స పనిచేస్తుందో ముందే అంచనా వేయడానికి అది తోడ్పడవచ్చని 2013 నాటి విశ్లేషణే సూచించింది.