చిక్కుడు తీగ మీది అక్షింతల పురుగు

చంద్రగిరి

పిల్లలకు దీవెనలు.

మీ చిక్కుడు తీగ మీది అక్షింతల పురుగు ఫోటో చూశాను. బయటి దేశం నుంచి వచ్చిందేమోనని టెన్షన్ పడకండి. నారింజ రంగు వీపు మీద వంకర తిరిగిన నల్ల గీతలున్నాయి కదా, అది మన చేలల్లో ఎప్పుడూ ఉండేదే. అయినా మీకు అనుమానం వచ్చినందుకు సంతోషించాను.

మీరు అనుకున్న పురుగు పేరు హార్లెక్విన్. పుట్టిల్లు చైనా, జపాన్ వైపు. మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగులను తింటుంది కదా అని అమెరికా, యూరప్ వాళ్లు కోరి తెచ్చుకున్నారు. అది పేనుబంకతో ఆగక, తక్కిన అక్షింతల పురుగుల గుడ్లనూ పిల్లలనూ తినసాగింది. 2004లో బ్రిటన్‌లో కనిపించింది. తర్వాత అక్కడి రెండు చుక్కల రకం బాగా తగ్గిపోయింది. తగ్గిందని ఎలా తెలిసింది? చాలా ఏళ్ల ముందు నుంచే మామూలు జనం తమ పెరట్లో చూసిన పురుగులను తేదీ, ఊరు వేసి రాసి పంపేవాళ్లు. అందుకే కొత్తది దొరికినప్పుడే కాదు, రోజూ కనిపించేదాన్ని కూడా మీరు రాయాలి.

తేదీ, ఊరు, ఏ మొక్క, ఎన్ని పురుగులు. ఫోటోలో తల వెనక భాగం, కాళ్ల రంగు తెలియాలి. చుక్కలు లెక్కపెట్టి పేరు పెట్టేయకండి. హార్లెక్విన్‌లో ఎరుపు మీద నల్ల చుక్కలున్నవీ, నలుపు మీద ఎర్ర చుక్కలున్నవీ, అసలు చుక్కలే లేనివీ ఉంటాయి. చాలావాటికి తల వెనక తెల్లటి భాగంలో ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా నల్ల మచ్చ, గోధుమ రంగు కాళ్లు ఉంటాయి. పేరు తెలియకపోతే 'తెలియదు' అనే రాయండి. తప్పు పేరు రాస్తే తర్వాత చూసేవాళ్లు కూడా మోసపోతారు.

వంగ ఆకును గీకి జల్లెడ చేసేది కూడా ఈ కుటుంబమే. 28 చుక్కలుంటాయి, వీపుకు మెరుపుండదు. ఇక 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన ఒక రకం అక్షింతల పురుగు, పంటను పాడుచేసే పిండినల్లిని తిని రైతుకు మేలు చేస్తుంది. దాని పిల్ల ఒంటినిండా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది. తెలియక నలిపేసేవాళ్లను చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి.

అంతుపట్టనిది దొరికితే ఆకుతో సహా గాలాడే డబ్బాలో పెట్టండి, తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానంలో చూపిద్దాం. సంక్రాంతికి మన అనప చేనంతా కలిసి చూద్దాం. మందు కొట్టకముందే చూడాలి కాబట్టి, వచ్చే రోజు ముందుగా ఫోన్ చేసి చెప్పండి.

మీ తాత