మాలేరి ఎముకలు కలకత్తాకు ఎందుకెళ్లాయి? వైజాగ్ నుంచి ఒక నేపథ్యం

భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మాట వచ్చిందంటే చాలు, మన వైజాగ్‌లో ఎవరో ఒకరు "అవి డైనోసార్ల కాలం నాటివి కదండీ" అంటారు. కావు. ఆ దిబ్బలు గాలీ, సముద్రమూ కలిసి పేర్చిన ఇసుక. వాటి వయసు వేల ఏళ్లలో లెక్కపెట్టాలి, డైనోసార్లది కోట్ల ఏళ్ల లెక్క. 2024లో అక్కడ తవ్వకాల మీద గొడవ జరిగి పనులు ఆగినప్పుడు కూడా ఈ మాట మళ్లీ వినిపించింది. వాదనలో బలం కోసం అన్నారేమో గానీ, ఆ దిబ్బలను కాపాడుకోవడానికి డైనోసార్లను అరువు తెచ్చుకోనక్కర్లేదు.

అయితే ఆ ప్రశ్న వెనకున్న కుతూహలం మాత్రం మంచిదే. తెలుగు నేలమీద డైనోసార్లు, వాటికంటే ముందటి వింత జంతువులు ఉండేవా? ఉండేవి, బ్రహ్మాండంగా. మన కొండల్లో దొరకవు, అంతే. కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ అన్నీ ఖోండలైట్ రాయి. భూమి లోపల విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి రూపం మారిపోయిన రాయి అది. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట జరిగిన సంగతి, అప్పటికి ఎముకలున్న జంతువే భూమ్మీద లేదు. ఇక ఆ వింత జంతువులు తిరిగిన ట్రయాసిక్ అంటే 25.2 కోట్ల ఏళ్ల నుంచి 20.1 కోట్ల ఏళ్ల కిందటి వరకు నడిచిన కాలం. అప్పుడు ఆర్కే బీచ్ దగ్గర సముద్రమే లేదు, మన తూర్పు కనుమలు అంటార్కిటికాను ఆనుకుని ఉండేవి. ఆ రెండూ విడిపోయి మధ్యలోకి సముద్రం రావడం చాలా తర్వాత, ఇప్పటికి 13 కోట్ల ఏళ్ల కిందటి మాట.

ఎముక శిలాజంగా మారాలంటే అది త్వరగా మట్టిలో పూడిపోవాలి, ఆ మట్టి మళ్లీ కొట్టుకుపోకుండా ఉండాలి. తెలుగు నేలలో అలాంటి చోటు ప్రాణహిత, గోదావరి లోయ. భూమి పొర చీలి నెమ్మదిగా కుంగుతూ వచ్చిన పల్లం అది. కుంగేకొద్దీ నదులు బురదా ఇసుకా తెచ్చి నింపుతూ పోయాయి. కింద పొరల్లో సింగరేణి బొగ్గు ఉంటుంది, అది ట్రయాసిక్ కంటే ముందు పెర్మియన్ కాలపు అడవుల ఫలితం. పెర్మియన్ చివర్లో జీవరాశిలో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయింది, బొగ్గునిచ్చే చిత్తడి అడవులు ప్రపంచమంతటా మాయమయ్యాయి, దాదాపు కోటి ఏళ్లపాటు ఎక్కడా బొగ్గు పొరే పడలేదు. ఆ తర్వాత ఆ లోయలో పేరుకున్నవే ఈ కథకు కావాల్సిన ఎర్రటి మెత్తని మట్టిరాళ్లు. వానలు దంచి కొట్టాక వాటిలోంచి ఎముకలు పైకి తేలతాయి.

వీటిని మొదట లోకం దృష్టికి తెచ్చినవాడు శాస్త్రవేత్త కాదు, పాదిరి. నాగపూర్‌లో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ అనే స్కాట్లాండ్ మిషనరీకి రాళ్లూ శిలాజాలూ ఏరే పిచ్చి ఉండేది. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మాలేరి దగ్గర దొరికిన చేప పళ్లు ఆయన సేకరణతోనే వెలుగులోకి వచ్చాయి. 1859లో థామస్ ఓల్డ్‌హామ్ వాటిని సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేపవిగా వర్ణించాడు. తమాషా ఏంటంటే, అప్పటికి ఆ జాతి ఎప్పుడో అంతరించిపోయిందనే అందరి నమ్మకం, మరో పదకొండేళ్లకు, 1870లో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దాని బంధువు నదిలో నిక్షేపంగా ఈదుతూ దొరికింది. పళ్లు సరిగ్గా శిలాజాల పళ్లలాగే ఉన్నాయని మొదట దానికీ సెరటోడస్ అనే పేరు పెట్టారు. హిస్లాప్ అది చూడలేదు, 1863లోనే ఒక వాగు దాటుతూ మునిగి చనిపోయాడు.

చేప పళ్ల వెనకే పెద్ద జంతువులూ బయటపడ్డాయి. హైపరోడపెడాన్ అనే జంతువును టి. హెచ్. హక్స్‌లీ అప్పటికే స్కాట్లాండ్ రాళ్లలో గుర్తించి ఉన్నాడు. అలాంటి దవడలే మాలేరి నుంచి వస్తే 1869లో ఆయన ఇవీ అవేనన్నాడు. దీని బొమ్మ ఒకసారి చూశారంటే మర్చిపోరు: పంది అంత ఒళ్లు, ముందు చిలుక ముక్కులా వంగిన మూతి, లోపల వరసలు వరసలుగా పళ్లు, పై దవడలో ఒక గాడి, కింది దవడ సరిగ్గా ఆ గాడిలోకి దిగి గట్టి మొక్కలను కత్తిరించేది. స్కాట్లాండ్‌లో, బ్రెజిల్‌లో, మన ఆసిఫాబాద్‌లో ఒకే రకం జంతువు ఎలా ఉందయ్యా అంటే, అప్పుడు ఖండాలన్నీ ఒకే ముద్ద, నడుచుకుంటూ పోవచ్చు. ఖండాలు కదులుతాయని చెప్తే నవ్వుకునే రోజుల్లోనే ఆ సాక్ష్యం మన వాగుల్లో పడి ఉంది. 1881లో విలియం కింగ్ ఈ లోయ భూగర్భ వివరాలను ఒక పెద్ద నివేదికగా అచ్చువేశాడు. 1885లో లైడెక్కర్ మరో జంతువుకు పారాసూకస్ హిస్లాపి అని పేరుపెట్టాడు. చూడ్డానికి మొసలి, కానీ మొసలి కాదు, ముక్కు రంధ్రాలు మూతి చివర కాకుండా కళ్ల దగ్గర ఉంటాయి. ఆ తర్వాత చాలాకాలం పెద్దగా ఏమీ జరగలేదు.

అసలు మలుపు 1950ల చివర్లో వచ్చింది, అదీ ఎవరూ ఊహించని చోటు నుంచి. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. లెక్కల సంస్థకు రాక్షసబల్లులతో పనేంటి అనిపిస్తుంది. దాన్ని పెట్టిన పి. సి. మహలనోబిస్‌కు మాత్రం స్టాటిస్టిక్స్ అన్ని శాస్త్రాలకూ పనికొచ్చే పనిముట్టు, అందుకే ఆయన మనుషుల కొలతల దగ్గర్నుంచి జీవశాస్త్రం దాకా అన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చాడు. భూగర్భశాస్త్రమూ అలాగే వచ్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించి, కుర్రవాళ్లను ఇచ్చి, ఎక్కడ వెతకాలో మీరే చెప్పండన్నారు. ఆమె ప్రాణహిత, గోదావరి లోయను ఎంచుకుంది. ఎస్. ఎల్. జైన్, తపన్ రాయ్ చౌధురి, టి. ఎస్. కుట్టి, శంకర్ చటర్జీ, ఇలా ఒక తరం మొత్తం ఆ ఎర్ర నేలమీద తయారైంది.

మొదట పేరు తెచ్చింది ట్రయాసిక్ జంతువు కాదు, దానిపైన ఉన్న జురాసిక్ పొరల్లో దొరికిన బరపాసారస్ అనే భారీ డైనోసార్. టాగూర్ శతజయంతి రోజుల్లో తవ్వింది కాబట్టి బరపాసారస్ టాగోరై అయింది. దాని అస్థిపంజరం ఇప్పటికీ కలకత్తా సంస్థలోనే నిలబడి ఉంది. జనం చూపంతా ఇలాంటి పెద్దవాటి మీదే ఉంటుంది గానీ, నా దృష్టిలో అసలు సంపద దానికింది పొరలు. ఎందుకంటే ఒకదానిమీద ఒకటిగా ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం అని మన ఊళ్ల పేర్లతోనే పిలిచే ఆ పొరల్లో, డైనోసార్లు లేని కాలం నుంచి అవే రాజ్యమేలే కాలం వరకు కథ వరసగా ఉంది. ప్రపంచంలో అలాంటి చోట్లు కొన్నే ఉన్నాయి.

ఎర్రపల్లి పొర దాదాపు 24 కోట్ల ఏళ్ల నాటిది. అక్కడ దొరికినవాటిలో వాడియాసారస్, రేచ్నిసారస్ అనే రెండింటికి 1970లో రాయ్ చౌధురి పేర్లు పెట్టాడు. రెండూ ముక్కుతో ఆకులు తెంపుకు తినే బండ జంతువులు, బల్లుల వైపు కాదు, మన పాలిచ్చే జంతువుల వంశం వైపు దూరపు చుట్టాలు. వైజాగ్ నుంచి ఢిల్లీ వెళ్లే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బెల్లంపల్లి దాటాక రేచ్ని రోడ్ అని చిన్న స్టేషన్ వస్తుంది, రైలు ఆగదు, మనం ఫోన్‌లోంచి తల కూడా ఎత్తం. ఆ రేచ్ని పేరే ఆ జంతువుది. అదే పొరలోంచి 2005లో యారాసూకస్ అని ఇంకో పేరు వచ్చింది. సూకస్ అంటే మొసలి వరస, మొదట అలాగే అనుకున్నారు. 2017లో టాంజానియా నుంచి టెలియోక్రేటర్ అనే జంతువు వివరాలు బయటికొచ్చాక బొమ్మ తిరగబడింది. ఆ రెండూ ఒకే గుంపువి, ఆ గుంపు మొసళ్ల వైపుది కాదు, డైనోసార్లు, పక్షులు పుట్టిన కొమ్మ మొదట్లో ఉన్నది. అంటే నాలుగు కాళ్లమీద నడిచే, పొడుగు మెడ ఉన్న మన మంచిర్యాల వైపు జంతువు ఒకటి డైనోసార్ల పుట్టుక కథను సరిదిద్దడానికి పనికొచ్చింది. మన పత్రికల్లో నాకు తెలిసి అది వార్తే కాలేదు.

మాలేరి పొరలోకి వస్తే సందడి ఎక్కువ. చటర్జీ 1980లో వర్ణించిన మాలేరిసారస్ సంగతి చూడండి. రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దొరికాయి, వాటి పొట్ట ఉండాల్సిన చోట రెండు చిన్న జంతువుల ఎముకలు. భోజనం అరక్కముందే చనిపోయాయన్నమాట, తిన్నదీ తినబడ్డదీ కలిసి 22 కోట్ల ఏళ్లకు పైగా అలాగే ఉన్నాయి. ఎవరు ఎవరిని తిన్నారనేది సాధారణంగా శిలాజాల్లో ఊహ, ఇక్కడ మాత్రం సాక్ష్యం. చటర్జీయే 1982లో ఇంకో జంతువుకు ఎక్సెరెటోడాన్ స్టాటిస్టికే అని పేరు పెట్టాడు, తమ లెక్కల సంస్థ మీద గౌరవంతో. మెసేజ్ క్లియర్: డబ్బిచ్చింది, పంపింది, దాచింది వాళ్లు.

ఈ పొర కింది భాగంలో హైపరోడపెడాన్ విరివిగా ఉంటుంది, డైనోసార్ అంటే ఆల్‌వాకేరియా అనే చిన్నదొకటి, అదీ నాలుగు ముక్కలు. పై భాగానికి వచ్చేసరికి హైపరోడపెడాన్ కనపడదు, దాని బదులు నంబాలియా, జక్లపల్లిసారస్ అనే మొక్కలు తినే పొడుగు మెడ డైనోసార్లు. ఈ రెండింటికీ 2011లో పేర్లొచ్చాయి, రెండూ మళ్లీ అక్కడి ఊళ్ల పేర్లే. అదే 2011 వ్యాసంలో మాంసం తినే ఒక పాతకాలపు డైనోసార్ ఎముకల గురించీ రాశారు గానీ పేరు పెట్టలేదు. దానికి 2025లో మాలేరిరాప్టర్ కుట్టీ అనే పేరొచ్చింది, జీవితమంతా ఈ లోయలో పనిచేసిన కుట్టి మీద. హెరెరాసార్లు అనే ఈ రకం ప్రధానంగా అర్జెంటీనా, బ్రెజిల్‌లలో తెలిసినవి. హైపరోడపెడాన్ లాంటివి అంతరించాక కూడా ఈ దక్షిణ ఖండాల్లో ఇవి బతికే ఉన్నాయని చెప్పే ఎముకలు మాలేరివి. ఎముకలు అరలో ఉండి ఏళ్లు గడిచాక పేరు రావడం ఈ రంగంలో మామూలే. రాయి తొలచడానికే నెలలు పడుతుంది, ఆ పని తెలిసిన చేతులు తక్కువ. ప్రధానియా అనే డైనోసార్‌కు ధుయియా ప్రధాన్ అనే ఫీల్డ్ మనిషి పేరు పెట్టడం నాకు వీటన్నిటిలో బాగా నచ్చిన సంగతి, సాధారణంగా ఆ చేతుల పేర్లు ఎక్కడా పడవు.

ఇక అసలు గొడవకు వద్దాం. ఎముకలన్నీ కలకత్తాలో ఎందుకున్నాయని మనవాళ్లకు కోపం వస్తుంది. నా మటుకు నాకు ఆ కోపం సగమే న్యాయం. వాళ్లు ఎత్తుకుపోలేదు, వెతికి, తవ్వి, చదివి, దాచారు. వాళ్లు లేకపోతే ఈ పేర్లలో చాలా భాగం ఉండేవే కావు. మిగతా సగం మాత్రం న్యాయమే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం నిలబెట్టారు, పి. యాదగిరి 1988లో వర్ణించింది, అది జురాసిక్. ట్రయాసిక్ జంతువులు మాత్రం తెలుగు పిల్లలకు కనపడవు. మన బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ ఉంది, యుద్ధవిమానం ఉంది, టికెట్ కొని జనం క్యూ కడతారు. అక్కడే ఓ గదిలో హైపరోడపెడాన్ పుర్రె నమూనా, పారాసూకస్ నమూనా పెట్టడం కష్టమేమీ కాదు. అచ్చు తీసిన నమూనాలు ప్రపంచమంతా మ్యూజియంలు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి, అసలు ఎముక కలకత్తా నుంచి కదలక్కర్లేదు.

దొరికినవి ఒక సంస్థ అరల్లో భద్రంగానే ఉన్నాయి, ఇంకా నేలలో ఉన్నవాటికే దిక్కు లేదు. మన దేశంలో శిలాజాల కోసమంటూ విడిగా చట్టం లేకుండానే ఇన్నేళ్లూ గడిచాయి. పురావస్తువులకు చట్టం ఉంది, గుడి శిల్పం తీసుకెళ్తే కేసు అవుతుంది, చేలో దొరికిన 22 కోట్ల ఏళ్ల దవడ తీసుకెళ్తే ఏ సెక్షన్ పెట్టాలో పోలీసులకే తెలియదు. జియలాజికల్ సర్వే కొన్ని చోట్లను భూవారసత్వ స్థలాలుగా ప్రకటించింది, మన ఎర్రమట్టి దిబ్బలూ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ ఆ ప్రకటన ఒక్కటే పొక్లెయిన్‌ను ఆపదని 2024లో మనం కళ్లారా చూశాం, ఆపింది జనం చేసిన గొడవ. అవతలి ఒడ్డున మహారాష్ట్రలో సిరొంచ దగ్గర వడధం శిలాజ పార్కు ఉంది, ఇవతల మాలేరి వైపు వాగులూ చేలే.

2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల పరిరక్షణకు ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. శిలాజాలూ దానికిందికి వస్తాయి. స్వాగతించినవాళ్లూ ఉన్నారు, అధికారమంతా జియలాజికల్ సర్వే చేతిలో పెడితే యూనివర్సిటీలు, ఇతర సంస్థల పరిశోధన ఏం కావాలని అడిగిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. మాలేరి చరిత్ర చూస్తే ఆ అనుమానం కొట్టిపారేసేది కాదు, ఇక్కడి ట్రయాసిక్ జంతువుల్లో ఎక్కువ భాగాన్ని వెలికితీసింది సర్వే కాదు, లెక్కలవాళ్లు. వాళ్లను ఏ పర్మిట్ ఆఫీసు ముందో కూర్చోబెట్టి ఉంటే కుట్టి పేరుతో డైనోసార్ ఉండేదా అనేది ముసాయిదా రాసేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి. అలాగని ఏ చట్టమూ వద్దంటే, రేపు మాలేరి దగ్గర ఎవరైనా చెరువు పూడిక తీస్తూ దవడ బయటపెడితే దాన్ని ఎవరికి అప్పగించాలో ఆ ఊరి సర్పంచ్‌కు చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.