అమ్మకానికున్న ఇంటి మీద మనసు పడినప్పుడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో గృహరుణాల పని చూడబట్టి పదిహేడేళ్ళు. మొదట ఒక బ్యాంకు లోన్ల సెక్షన్లో చేశాను, ఇప్పుడు సొంతంగా ఫైళ్ళు చూసి సలహా ఇస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరు "మాకు ఎంత లోను వస్తుంది మేడం?" అని అడుగుతారు. వాళ్ళతో పని సులువు. ఇంకొందరు కూర్చోకముందే ఫోన్ తీసి ఒక ఇంటి ఫొటో చూపించి, "ఈ ఇంటికి లోను వస్తుందా?" అంటారు. ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో, గేటు ఏ రంగో, మెట్ల కింద ఏం పెట్టుకోవచ్చో అన్నీ చెబుతారు. తమ చేతిలో ఎంత డబ్బుందో మాత్రం చివరికి, అదీ నేను అడిగితేనే చెబుతారు.

వాళ్ళను తప్పుపట్టడానికి కాదు ఈ రాత. అద్దె ఇళ్ళలో పదేళ్ళు మేకు కొట్టాలన్నా ఓనర్ని అడిగి బతికినవాళ్ళకి ఒక ఇల్లు కంటికి నచ్చితే నిద్ర పట్టదు, నాకు తెలుసు. కానీ ఆ నిద్రపట్టని రోజుల్లోనే డబ్బు చేజారిపోతుంది. అది ఎక్కడ ఎలా జారుతుందో చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

అపోహ: ధరలో 80 శాతం బ్యాంకు ఇస్తుంది, మిగతా 20 శాతం సర్దుకుంటే ఇల్లు మనదే.

లెక్క వేద్దాం. వేదాయపాళెంలో 20 అంకణాల స్థలంలో పాత ఇల్లు, 55 లక్షలు చెబుతున్నారనుకోండి. (మన నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు నుంచి వచ్చినవాళ్ళు అక్కడి అంకణం అనుకుని పొరబడుతుంటారు.) రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం లోను 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా ఇవ్వొచ్చు. అది పైహద్దు మాత్రమే, ఇచ్చి తీరాలని కాదు. 55 లక్షల ఇంటికి ఎంత బాగా వచ్చినా 44 లక్షలు. మీ వాటా 11 లక్షలు.

ఇక్కడితో ఆగిపోతారు చాలామంది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం. మొత్తం ఏడున్నర. 55 లక్షల మీద 4,12,500 రూపాయలు. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు, మీరే తేవాలి. మధ్యవర్తికి ఒక శాతం ఇచ్చినా 55 వేలు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంట్ రైటర్, సున్నాలు, పాలు పొంగించే రోజు భోజనాలు. ఎంత పొదుపుగా చేసినా 16 లక్షలు చేతిలో లేనిదే ఆ గడప లోపలికి అడుగుపెట్టలేరు. లోను రాకపోవడం కన్నా ఈ 16 లక్షలు లేకపోవడం వల్లే ఎక్కువ బేరాలు చెడిపోవడం నేను చూశాను.

అమ్మేవాళ్ళు "రిజిస్ట్రేషన్ 35 లక్షలకే చేద్దాం, మిగతాది క్యాష్ ఇవ్వండి, మీకూ డ్యూటీ మిగులుతుంది" అన్నారా, మీ పరిస్థితి ఇంకా దిగజారుతుంది. కాగితం మీద ఉన్న ధరకే బ్యాంకు లోను లెక్కగడుతుంది. ఆ 20 లక్షలు పూర్తిగా మీ చేతి డబ్బే అవుతుంది. పైగా స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా ఉల్లంఘన. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇచ్చినవారికి రుజువు ఉండదు.

అపోహ: మార్జిన్ మనీకి (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటాకి) పర్సనల్ లోను తీసుకుంటే సరిపోతుంది.

జీతం చేతికి 60 వేలు అనుకుందాం. కిస్తీలన్నీ కలిపి అందులో సగం దాటకుండా చూసుకోవడం బ్యాంకుల్లో మామూలు లెక్క. అంటే 30 వేలు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్ళ గడువుతో లక్షకు నెలకు 868 రూపాయల కిస్తీ పడుతుంది. 30 వేల కిస్తీకి వచ్చేది దాదాపు 34న్నర లక్షలు. ఇప్పుడు మీరు మూడు లక్షలు పర్సనల్ లోనో కారు లోనో తీసుకుని నెలకు 8 వేలు కడుతున్నారనుకోండి. ఇంటి లోనుకు మిగిలేది 22 వేలు, దానికి వచ్చేది 25 లక్షల చిల్లర. ఆ 8 వేల కిస్తీ ఇంటి లోనులో 9 లక్షలకు పైగా తినేసింది. మూడు లక్షలు తెచ్చుకోబోయి తొమ్మిది పోగొట్టుకున్నట్టు. చీటీ ముందే పాడుకుని ఆ డబ్బు తెచ్చినవాళ్ళది కూడా ఇదే బాధ. చీటీ వాయిదా బ్యాంకు కాగితాల్లో కనబడకపోయినా ఇంట్లో కనబడుతుంది.

అపోహ: టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తే ఇల్లు మన పేరు మీద ఆగుతుంది.

దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది మా ఇంట్లో జరిగింది.

2012లో హరనాథపురంలో ఒక ఇల్లు చూశాం. ముందు చిన్న వసారా, పక్కన బాదం చెట్టు. మా ఆయన రోజూ ఆఫీసు నుంచి వస్తూ బండి ఆ వీధిలోకి తిప్పేవాడు. నేను అడ్డు చెప్పలేదు, నేనూ వెనక కూర్చుని చూసేదాన్ని. అప్పటికి మా దగ్గర నాలుగు లక్షలుంది, కావాల్సింది తొమ్మిది. "ఎవరో చెన్నైవాళ్ళు చూసి పోయారు, ఆదివారం అడ్వాన్స్ తెస్తామన్నారు" అని మధ్యవర్తి శుక్రవారం చెప్పాడు. శనివారం పొద్దున్నే లక్షన్నర ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. గడువు మూడు నెలలు. అందులో "గడువు తప్పితే అడ్వాన్స్ వాపసు లేదు" అన్న వాక్యం నేనే చదివాను, నా చేత్తోనే సంతకం పెట్టాను. మా ఆయన పేరు మీద పాత పర్సనల్ లోను ఉండటంతో అనుకున్నంత మంజూరు కాలేదు. మూడు నెలలు దాటింది. ఓనర్ కాగితం చూపించాడు. రాసుకున్నదాని ప్రకారం ఆయన తప్పేమీ లేదు.

ఆస్తి బదలాయింపు చట్టం 1882లో సెక్షన్ 54 ఉంది. అమ్మకపు అగ్రిమెంట్ ఒక్కటే ఉంటే ఆ ఆస్తిలో మీకు హక్కు పుట్టదని అది చెబుతుంది. రిజిస్టరయిన విక్రయ దస్తావేజుతోనే హక్కు వస్తుంది. అగ్రిమెంట్ ఇచ్చేది ఒప్పందం అమలు చేయమని కోర్టుకు వెళ్ళే అవకాశం. దానికీ రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకున్న తేదీ నుంచి మూడేళ్ళ గడువు, దానికీ "నా దగ్గర డబ్బు సిద్ధంగా ఉంది, నేను తయారుగా ఉన్నాను" అని మీరే నిరూపించుకోవాలి. డబ్బు లేకనే గదా ఇబ్బంది.

కాబట్టి నా దగ్గరికొచ్చేవాళ్ళకు వరుస చెబుతాను. ముందు మీ జీతం మీద బ్యాంకు నుంచి సూత్రప్రాయ మంజూరు (ఎంత లోను ఇవ్వగలరో ముందుగా చెప్పే కాగితం) తెచ్చుకోండి. ఆ తర్వాత ఆ ఇంటి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీయండి, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారుతూ వచ్చిన పాత దస్తావేజులు) ఒక వకీలుకు చూపించండి, స్థలం రిజిస్ట్రేషన్ కుదరని నిషేధిత జాబితాలో లేదని చూసుకోండి. అడ్వాన్స్ ఇవ్వడం దాని తర్వాత. ఇచ్చేటప్పుడు చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి, "బ్యాంకు లోను మంజూరు కాకపోయినా, టైటిల్లో (యాజమాన్య హక్కులో) లోపం తేలినా అడ్వాన్స్ పూర్తిగా వాపసు" అన్న మాట అగ్రిమెంట్లో రాయించండి. అమ్మేవాళ్ళు ఒప్పుకోరని భయపడతారు. నిజంగా అమ్ముకునే అవసరం ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఒప్పుకున్నారు.

అపోహ: ఈ ఇల్లు పోతే ఇలాంటిది మళ్ళీ దొరకదు.

"చెన్నైవాళ్ళు" అన్న మాట ఈ పదిహేడేళ్ళలో ఎన్నిసార్లు విన్నానో. చెన్నై దగ్గరే, కృష్ణపట్నం పోర్టు ఉంది, శ్రీసిటీ ఉంది, కొనేవాళ్ళు రారని కాదు. కానీ మీకు పై నెల పోతుందని చెప్పిన ఇంటి బోర్డు ఎనిమిది నెలల తర్వాత ఎండకు అక్షరాలు వెలిసిపోయి అదే గేటుకు వేలాడటం కూడా చూస్తుంటాను. ఆషాఢంలో, శూన్యమాసాల్లో బేరాలు నెమ్మదిస్తాయి. అప్పుడు అదే ఓనర్ మాట మెత్తబడుతుంది. ఒక్కోసారి నిజంగానే పోతుంది. పోతే పోయిందనుకోగలిగినంత దూరంలో నిలబడి బేరమాడండి.

అపోహ: అన్ని రకాలా చూసుకున్నాం, లోపం ఏమీ లేదు.

మనసు పడ్డవాళ్ళ కంటికి లోపం కనబడదు. పోయిన ఏడాది ఒక జంట నన్ను వెంటబెట్టుకుని ఇల్లు చూపించారు. పెన్నా గట్టు వైపు కాలనీ. ఆమె చేతిలో టేపు ఉంది, పూజగదిలో మందసం పడుతుందో లేదో కొలుస్తోంది. పాప అప్పటికే తన గది తలుపు మీద పెన్సిలుతో పేరు రాసేసింది. నేను హాల్లో గోడ మీద చెయ్యి పెట్టాను. మోకాలి ఎత్తున కొత్త రంగు కింద గరుకుగా తగిలింది. గోరు తగలగానే పొర ఊడి తెల్లటి పొడి రాలింది. ఆ గీత హాలు నుంచి పడకగది దాకా ఒకే ఎత్తులో నడిచింది. బయటికొచ్చి చూస్తే పక్కింటి ప్రహరీ మీద అదే ఎత్తున మట్టి చార ఇంకా ఉంది, వాళ్ళు రంగు వేయలేదు. 2021 నవంబరులో సోమశిల డ్యాం నుంచి నీళ్ళు వదిలినప్పుడు పెన్నా ఎక్కడెక్కడికి వచ్చిందో ఆ వీధి పెద్దావిడ చేత్తో చూపించింది.

"రంగేయిస్తే పోతుందిలే మేడం" అన్నాడాయన. ఆమె మాట్లాడలేదు, టేపు చుట్టేసింది.

ఇల్లు చూడటానికి వానలో ఒకసారి వెళ్ళండి. రాత్రి ఒకసారి వెళ్ళండి. మోటారు వేయించి బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూడండి, ఉప్పో తీపో తెలుస్తుంది. ఆ ఇంటి మీద ఏ మోజూ లేని మనిషిని ఒకరిని తీసుకెళ్ళండి.

అపోహ: ప్రభుత్వ సబ్సిడీ వస్తుంది కదా.

పట్టణ పీఎం ఆవాస్ 2.0లో వడ్డీ సబ్సిడీ ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోను 25 లక్షల లోపు ఉండాలి. సాయం గరిష్ఠంగా 1,80,000, అదీ ఐదు వాయిదాల్లో. 55 లక్షల ఇంటికి ఇది వర్తించదు.

అపోహ: గృహ రొట్టె అందుకున్నాం, ఈ ఇల్లే మాకు రాసిపెట్టి ఉంది.

రొట్టెల పండుగలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, ఇల్లు కావాలని కోరుకుంటూ నేనూ గృహ రొట్టె పట్టుకున్నాను, కోరిక తీరాక మరుసటేడు రొట్టె తెచ్చి ఇచ్చాను కూడా. నమ్మకం గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పను. ఒక్క మాట మాత్రం అంటాను. ఆ నీళ్ళలో నిలబడి మనం అడిగింది ఇల్లు. డోరు నంబరు అడగలేదు.

అపోహ: కొనలేనప్పుడు ఆ ఇంటిని మర్చిపోవాలి.

అక్కర్లేదు. బాదం చెట్టు ఇల్లు నేను ఇప్పటికీ మర్చిపోలేదు, ఆ వీధిలో పోతే తల అటు తిరుగుతుంది. ఆ మనసును పనికి పెట్టమంటాను. ఇప్పుడు అద్దె 12 వేలు, ఆ ఇంటి కిస్తీ 38 వేలు అయితే, తేడా 26 వేలు ఈ నెల నుంచే రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. ఆరు నెలలు ఏ నెలా తప్పకుండా వేయగలిగితే ఆ కిస్తీ మీరు మోయగలరు. మూడో నెలకే పిల్లల ఫీజుకో నాయన మందులకో ఆపాల్సి వస్తే, బ్యాంకు ఇస్తానన్నా మీరు మోయలేరని మీకే తెలిసిపోతుంది, అదీ ఎవరికీ లక్షన్నర ఇవ్వకుండానే. వేయగలిగితే రెండేళ్ళకు వడ్డీతో కలిపి ఆరున్నర లక్షలు దాటుతుంది.

రెండో పని, ఆ ఇంట్లో ఏం నచ్చిందో కాగితం మీద రాయండి. "అన్నీ నచ్చాయి" అని రాయకూడదు. టేపు పట్టుకున్న ఆ అమ్మాయి చేత రాయించాను. ఏడు రాసింది, నాలుగు కొట్టేసింది. మిగిలినవి మూడు: మామయ్య మెట్లెక్కకుండా పడకగదికి పోవాలి, పొయ్యి దగ్గర నిలబడితే వీధి కనబడాలి, పాపకు నడిచిపోయే దూరంలో బడి.

మొన్న ఫోన్ చేసింది. పొదలకూరు రోడ్డు వైపు ఒక ఇల్లు చూశారట, 15 అంకణాలు, 36 లక్షలు చెబుతున్నారట. పెరట్లో జామచెట్టు ఉందని చెప్పబోయి ఆగి, "ముందు ఈసీ తీశాను మేడం, లింకు డాక్యుమెంట్ ఒకటి దొరకలేదంటున్నారు, ఏం చేయమంటారు?" అంది. దస్తావేజు నంబరు, సంవత్సరం ఈసీలో ఉంటాయి కదా, వాటితో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టించమన్నాను. అది వచ్చేదాకా అడ్వాన్స్ మాట ఎత్తనని ఆమే చెప్పింది.