ఏ కంపెనీ పిస్టల్ జామ్ కాదు? కొన్ని అపోహలు, వాస్తవాలు

రేంజ్‌లో పిస్టళ్లు విప్పి, తుడిచి, బిగించే పనిలో ఉన్నవాణ్ని ఎవరైనా ముందు అడిగేది ఒకటే: "ఏ కంపెనీది మంచిది?" ఒక పేరు చెప్పేస్తే అడిగినవాళ్లు హాయిగా వెళ్లిపోతారు. ఇబ్బంది ఏమిటంటే, రిపేరుకి అన్ని కంపెనీలవీ వస్తాయి, అన్నీ దాదాపు అవే నాలుగైదు కారణాలతో వస్తాయి. అందుకే నాకు తరచూ వినపడే మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: గ్లాక్ (ఆస్ట్రియా కంపెనీ) పిస్టల్ అసలు జామ్ కాదు.

అవుతుంది. తక్కువగా అవుతుంది, అంతే. ఆటోలోడింగ్ పిస్టల్ ఏదైనా సరే, రెప్పపాటులో ఖాళీ కేసును (కాలిపోయిన తూటా తొడుగును) చాంబర్లోంచి, అంటే తూటా కూర్చునే గదిలోంచి లాగాలి, బయటికి విసరాలి, మ్యాగజైన్‌లోంచి కొత్త రౌండు ఎక్కించుకోవాలి, మళ్లీ గట్టిగా మూసుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా ఆగిపోతుంది. గ్లాక్ 17కి ఆ పేరు ఊరికే రాలేదు. విడిభాగాలు తక్కువ, కదిలే భాగాల మధ్య కాస్త సందు ఉంటుంది కాబట్టి మురికిని తట్టుకుంటుంది. 1982లో ఆస్ట్రియా సైన్యం దాన్ని తీసుకుంది. అయితే ఫ్రేమ్ (చేత్తో పట్టుకునే కింది భాగం) తేలిక. మణికట్టు వదులుగా పెట్టి కాలిస్తే స్లైడ్‌తో (ముందుకూ వెనక్కూ కదిలే పై భాగంతో) పాటు ఫ్రేమ్ కూడా వెనక్కి జరుగుతుంది, స్లైడ్ పూర్తి దూరం పోదు. ఖాళీ కేసు బయటపడే దారిలో స్లైడ్‌కీ బ్యారెల్‌కీ మధ్య నిలువునా ఇరుక్కుని కనిపిస్తుంది. కొత్తవాళ్లు "కంపెనీ డిఫెక్ట్" అంటారు. అదే పిస్టల్ పక్కనున్న కోచ్ చేతికి ఇవ్వండి, మ్యాగజైన్ మొత్తం ఆగకుండా ఖాళీ అవుతుంది.

అపోహ: "నాది 500 రౌండ్లు కాల్చాను, ఒక్కసారీ ఆగలేదు. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?"

ఈ ఒక్క మాట మీదే కంపెనీల గొడవలు సగం నడుస్తున్నాయి కాబట్టి కాస్త లెక్క చూద్దాం. సగటున 500 రౌండ్లకు ఒకసారి ఆగే పిస్టల్ తీసుకోండి. అది వరసగా 500 రౌండ్లు ఏ అడ్డూ లేకుండా కాలిపోయే అవకాశం నూటికి 37. సగటున 170 రౌండ్లకే ఒకసారి ఆగే నాసిరకం పిస్టల్‌కి కూడా ఆ అదృష్టం పట్టే అవకాశం నూటికి 5 ఉంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో 500 రౌండ్లతో తేలదు. రెండు మంచి పిస్టళ్ల మధ్య, అంటే వెయ్యికొకసారి ఆగేదానికీ రెండు వేలకొకసారి ఆగేదానికీ మధ్య తేడా పట్టాలంటే, వేల రౌండ్లు, ఒకటికి మించి పిస్టళ్లు కావాలి. ఒక మనిషి, ఒక పిస్టల్, ఒక వారాంతం ఇందుకు సరిపోవు. "మా బావమరిదిది మొదటి రోజే జామ్ అయింది" అన్న మాటకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

అపోహ: సైన్యం ఎంచుకున్నదే బెస్ట్, ఓడినవన్నీ చెత్త.

1984లో అమెరికా సైన్యం పిస్టల్ ఎంపిక కోసం పెట్టిన పోటీలో బెరెటా 92, సిగ్ పి226 రెండూ పరీక్షలు నెగ్గాయి. మ్యాగజైన్లు, స్పేర్లు కలిపి వేసిన మొత్తం ధరలో బెరెటా తక్కువకు వచ్చింది, ఎం9 పేరుతో సైన్యం పిస్టల్ అయింది. ఓడిపోయిన పి226నే తర్వాత అక్కడి నేవీ సీల్స్ కమాండోలు ఏళ్ల తరబడి వాడారు.

2017 కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆ ఏడాది జనవరిలో ఎం9 స్థానంలో కొత్తది తీసుకునే పోటీలో సిగ్ పి320 గెలిచి ఎం17 అయింది. ఆగస్టుకల్లా, పౌరులకు అమ్మిన పి320 ఒక ప్రత్యేక కోణంలో కింద పడితే పేలుతోందని బయటపడి, కంపెనీ ట్రిగ్గర్ భాగాలు ఉచితంగా మార్చిస్తామని ప్రకటించింది. ఆగకుండా కాలడం ఒక గుణం, పడినా పేలకపోవడం వేరే గుణం. మొదటిదాంట్లో ఫస్ట్ వచ్చిందని రెండోదాన్ని లెక్కలోకి తీసుకోకుండా వదిలేయకూడదు.

ఇక ఆ ఎం17 పరీక్షల నివేదికలో నాకు బాగా నచ్చిన సంగతి ఇది. అదే పిస్టల్, మామూలు బాల్ రౌండ్లతో (ముక్కు నిండుగా ఉన్నవాటితో) ఎక్కువసార్లు ఆగింది, స్పెషల్ పర్పస్ రౌండ్లతో (ముక్కు బోలుగా ఉన్నవాటితో) చాలా తక్కువసార్లు ఆగింది. పైగా స్టాపేజీల్లో సగానికి పైగా ఒకే రకం: ఆఖరి రౌండు తర్వాత స్లైడ్ వెనక్కి లాక్ కాలేదు. కారణం చూస్తే, పైకి పట్టుకునేవాళ్ల బొటనవేలు స్లైడ్ స్టాప్ మీటను నొక్కేస్తోంది. లెక్కల్లో మాత్రం అవన్నీ పిస్టల్ ఖాతాలోనే పడ్డాయి!

అపోహ: ప్లాస్టిక్ కదా, ఎన్నాళ్లుంటుంది?

పాలిమర్ ఫ్రేమ్ కొత్త వింతేమీ కాదు. జర్మనీ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ చేసిన వీపీ70 గ్లాక్ కంటే పదేళ్లకు పైగా ముందే వచ్చింది. పేలుడు ఒత్తిడిని మోసేది బ్యారెల్, స్లైడ్. అవి ఉక్కువే. స్లైడ్ జారే పట్టాలు కూడా ఫ్రేమ్‌లో పొదిగిన ఉక్కు ముక్కలే. 1980ల చివర్లో అమెరికా సైన్యంలో కొన్ని బెరెటాలు విరిగాయి. విరిగింది ఉక్కు స్లైడే. అది విరిగినా వెనక్కి ఎగిరి కాల్చేవాడి ముఖానికి తగలకుండా హ్యామర్ పిన్ (సుత్తిలాంటి భాగాన్ని పట్టి ఉంచే ఇరుసు) తలను పెద్దది చేశారు.

అపోహ: ధర పెరిగేకొద్దీ నమ్మకం పెరుగుతుంది.

కొంతవరకు నిజం, ఆ తర్వాత తిరగబడుతుంది. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన కోల్ట్ 1911 నాటి పరీక్షలో 6000 రౌండ్లు ఒక్క స్టాపేజీ లేకుండా కాల్చింది. ఈ రోజు అదే డిజైన్‌లో గురి కోసం బిగుతుగా కూర్చిన మ్యాచ్ (పోటీల) పిస్టల్ దానికి ఎన్నో రెట్లు ఖరీదు. నూనె తక్కువైనా, తూటా రకం మారినా మొరాయించేది అదే. ఎక్కువ డబ్బు పోసింది గురికి, మురికిని తట్టుకోవడానికి కాదు. మరో సంగతి: 1911 అనేది ఇప్పుడు కంపెనీ పేరు కాదు, డజన్ల కొద్దీ తయారీదార్లు చేసే ఒక డిజైన్. దాని ఎక్స్‌ట్రాక్టరే (ఖాళీ కేసును బయటికి లాగే కొక్కెమే) స్ప్రింగుగా కూడా పనిచేస్తుంది కాబట్టి దాన్ని సరైన బిగువుకు వంచాలి. అది ఎవరు ఎంత శ్రద్ధగా చేశారన్నదే తేడా. చెక్ పిస్టల్ సీజెడ్ 75ని చూసి చాలామంది చేసిన కాపీలదీ ఇంతే: ఎవరు ఎంత శ్రద్ధగా చేశారన్నదే తేడా.

అపోహ: జామ్ అయితే తప్పు పిస్టల్‌దే.

నేనైతే ముందు మ్యాగజైన్ తీసి చూస్తాను. పైన రౌండును పట్టి ఉంచే రెండు పెదవులూ సమానంగా ఉన్నాయా? కింద పడి ఒకటి వెంట్రుకవాసి విచ్చుకున్నా రౌండు ముక్కు పైకి లేస్తుంది, చాంబర్‌కి సూటిగా పోదు. తర్వాత ఫాలోవర్‌ను (రౌండ్లను పైకి తోసే పలకను) వేలితో కిందికి నొక్కి వదులుతాను. బద్ధకంగా లేస్తే లోపల మురికి ఉండాలి, లేదా స్ప్రింగ్ అయిపోయి ఉండాలి. ఇరాక్‌లో ఎం9కి చెడ్డపేరు తెచ్చింది కూడా చాలావరకు మ్యాగజైన్లే. కాంట్రాక్టు మీద వేరే చోట చేయించిన వాటి లోపలి పూత గరుకుగా ఉండి, పిండిలాంటి ఇసుక అక్కడ పట్టేసింది. అన్నట్టు, నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందన్న భయం అనవసరం. మంచి స్ప్రింగ్ అరిగేది పదేపదే నొక్కుకుని విప్పుకోవడం వల్ల.

మరి కంపెనీల మధ్య తేడాయే లేదా అంటే, ఉంది. ఒకే మోడల్ పది పిస్టళ్లు తీసుకుంటే పదీ ఒకేలా ఉంటాయా, విడిభాగం ఫిట్టింగ్ అవసరం లేకుండా కూర్చుంటుందా, లోపం బయటపడితే కంపెనీ ఎంత త్వరగా ఒప్పుకుంటుంది, ఇరవై ఏళ్ల తర్వాత స్ప్రింగ్ దొరుకుతుందా అన్న దగ్గర బాగా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు సైజు కూడా సమానంగా ఉండాలి. జేబులో పట్టే చిన్న పిస్టల్‌లో స్లైడ్ కదిలే దూరం తక్కువ, స్ప్రింగ్ గట్టిది, తప్పు జరిగితే సర్దుకునే వీలు తక్కువ. ఒక కంపెనీ బుల్లి పిస్టల్‌ని ఇంకో కంపెనీ ఫుల్ సైజుతో పోల్చి తీర్పు చెప్పేవాళ్లే ఎక్కువ. సెకండ్ హ్యాండ్‌ది అయితే ఇంకో మాట: రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ను మళ్లీ ముందుకు తోసేది) ఎప్పుడు మార్చారో అమ్మేవాడికి తెలియకపోతే, మాన్యువల్‌లో చెప్పిన కొత్త స్ప్రింగ్ వేసి, కంపెనీ మ్యాగజైన్ పెట్టి, ఆ తర్వాతే దాని గురించి ఒక అభిప్రాయానికి రండి.