కష్టమైన డంజన్ గేమ్‌లలో మజా ఎక్కడుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

చిన్న ఇండీ (పెద్ద కంపెనీల అండ లేకుండా చేసే) యాక్షన్ గేమ్‌లకు ఫైట్లు డిజైన్ చేయడం నా పని. శత్రువు కత్తి ఎప్పుడు ఎత్తాలి, ఎంతసేపు ఎత్తి ఉంచాలి, దెబ్బ తగిలాక బొమ్మ ఎన్ని ఫ్రేమ్‌లు (తెర మీద వెంటవెంటనే మారే ఒక్కో చిత్రం ఒక ఫ్రేమ్) ఆగాలి... రోజంతా ఇదే గొడవ. గుహల్లో, నేలమాళిగల్లో శత్రువులతో పోరాడుతూ సాగే డంజన్ గేమ్‌లు, అలాంటి ఇతర కష్టమైన గేమ్‌ల గురించి ఆడేవాళ్లలోనూ, కొత్తగా తయారుచేస్తున్నవాళ్లలోనూ పాతుకుపోయిన నమ్మకాలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎంత కష్టమైతే అంత మజా

గేమ్‌ను కష్టం చేయడమంత తేలిక పని ఇంకోటి లేదు. శత్రువు హెల్త్ రెండింతలు, డామేజ్ మూడింతలు చేస్తే సరి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ గేమ్‌ను రెండోసారి ఎవరూ తెరవరు, అది వేరే సంగతి. చచ్చినవాడికి తానెందుకు చచ్చాడో అక్కడికక్కడే తెలిసేలా చేయడమే అసలు పని.

ఒక అస్థిపంజరం కత్తి దెబ్బనే తీసుకోండి. గేమ్ సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడుస్తుంటే ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు. తెర మీద మార్పు కంటపడ్డాక వేలు బటన్ నొక్కడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేమ్‌లు పడుతుంది. అదీ ఏం రాబోతోందో ముందే తెలిసి, దానికోసమే కాచుకుని కూర్చుంటే. నలుగురు శత్రువుల మధ్య ఎవరు కొడుతున్నారో గుర్తుపట్టి, ఎటు దూకాలో తేల్చుకోవాలంటే ఇంకా ఎక్కువే కావాలి. కాబట్టి కత్తి 10 ఫ్రేమ్‌లలో దిగిపోతే చూసి తప్పుకోవడం ఎవరి వల్లా కాదు. మొదటి లెవెల్ శత్రువుకు నేను 30 ఫ్రేమ్‌లకు కాస్త అటూఇటూగా ఇస్తాను.

ఆ 30 ఫ్రేమ్‌లను ఎలా ఖర్చుపెడతామన్నది ఇంకా ముఖ్యం. మొదటి ఐదారు ఫ్రేమ్‌లలోనే భుజం వెనక్కి పోవాలి, కత్తి తలపైకి లేవాలి, ఒక చప్పుడు వినపడాలి. ఆ తర్వాత అదే భంగిమలో కదలకుండా నిలబెడతాను. దెబ్బ మాత్రం రెండు మూడు ఫ్రేమ్‌లలో పడిపోతుంది. పడ్డాక ఓ 20 ఫ్రేమ్‌లు వాడు వంగే ఉంటాడు, అది ఆడేవాడి వంతు. అదే కత్తిని 30 ఫ్రేమ్‌ల పొడవునా నెమ్మదిగా, ఒకే వేగంతో ఎత్తించి చూడండి. సమయం అంతే, అయినా ఆడినవాళ్లు "ఇది అన్యాయం" అంటారు. మార్పు కంటికి ఆనేసరికే సగం ఫ్రేమ్‌లు అయిపోతాయి మరి.

ఇక ముందుకెళ్లేకొద్దీ కష్టం పెంచడానికి కొత్త అంకెలు అక్కర్లేదు. ఇప్పటికే తెలిసిన ఇద్దరు శత్రువులను ఒకే గదిలో పెడితే చాలు. అస్థిపంజరం ఒక్కడైతే పిల్లాట. వాడి వెనకాల విలుకాడొకడు నిలబడితే, దెబ్బ తప్పించుకోవడానికి ఎటు దూకాలన్నదే మారిపోతుంది.

అపోహ: కఠినమైన గేమ్ అంటే జాలి లేని గేమ్

దీనికి సరిగ్గా ఉల్టా. మంచి కఠినమైన గేమ్ ఆడేవాడి పక్షాన దొంగాట ఆడుతూనే ఉంటుంది. కొండెక్కే గేమ్ సెలెస్ట్ (2018) చూడండి. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్లిపోయాక కూడా కొన్ని ఫ్రేమ్‌ల పాటు జంప్ పనిచేస్తుంది. దీన్ని మేం కొయోట్ టైమ్ అంటాం. నేల తాకడానికి ఓ క్షణం ముందే జంప్ నొక్కేస్తే, ఆ నొక్కుడు గుర్తుపెట్టుకుని తాకగానే ఎగరేస్తుంది. ఎగిరినప్పుడు తల ఇటుక మూలకు కొట్టుకుంటే కాస్త పక్కకు జరిపి పైకి పంపిస్తుంది. ఎంటర్ ది గంజన్ (2016)లో దొర్లుతున్నప్పుడు గాల్లో ఉన్నంతసేపూ తూటాలు తగలవు. తూటాల వాన కురిపించే షూటింగ్ గేమ్‌లలోనైతే దెబ్బ తగిలే భాగం బొమ్మలో ఎక్కడో మధ్యన చిన్న చుక్కంతే ఉంటుంది.

ఇవేవీ ఆడేవాడికి కనపడవు. వెంట్రుకవాసిలో తప్పించుకున్నానని మురిసిపోతాడు, అంతే. తీసేసి ఆడించి చూస్తే ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు. "కంట్రోల్స్ ఎందుకో బాగాలేవు" అంటారు.

అపోహ: లెవెల్స్ రాండమ్ కాబట్టి అంతా అదృష్టమే

స్పెలంకీ (2008) ప్రతిసారీ కొత్త గుహను పుట్టిస్తుంది, కానీ గుడ్డిగా కాదు. లెవెల్‌ను 4 అడ్డం, 4 నిలువు చొప్పున 16 గదులుగా విడగొట్టి, ముందు పైనుంచి కిందికి ఒక దారి గీస్తుంది. బాంబులు, తాళ్లు లేకపోయినా ఆ దారిలో బయటపడవచ్చు. ఆ తర్వాతే డిజైనర్ చేత్తో చేసిన గది నమూనాలను అందులో పేర్చి, చిన్న చిన్న మార్పులు చేసి, ఉచ్చులు, శత్రువులు చల్లుతుంది.

గోడలో బాణం ఉచ్చు ఉందనుకోండి. ముందు నుంచి ఏది కదిలినా బాణం వదులుతుంది, మీరు విసిరిన రాయైనా సరే. ఈ సంగతి ఒక్కసారి తెలిస్తే ఏ గుహలోనైనా పనికొస్తుంది. లెవెల్‌ను బట్టీ పట్టే వీల్లేదు, నియమాలు నేర్చుకోక తప్పదు. చేయి తిరిగినవాళ్లు ఈ గేమ్‌ను మళ్లీ మళ్లీ గెలవగలరంటే కారణం ఇదే. అదృష్టమైతే వరసగా అన్నిసార్లు కలిసిరాదు.

రాండమ్ ఎప్పుడు వస్తుందన్నది మాత్రం చూసుకోవాలి. నిర్ణయానికి ముందు వస్తే అది ప్రశ్న. తర్వాత వస్తే, అంటే నేను సరిగ్గా గురిపెట్టి కొట్టినా పాచికలు "తగల్లేదు" అంటే, ఒళ్లు మండుతుంది. ఇంటు ది బ్రీచ్ (2018) వంతులవారీ గేమే అయినా ఇందుకే నాకిష్టం. శత్రువు తర్వాతి దెబ్బ ఏ గడిలో పడుతుందో ముందే చూపించి, ఇప్పుడేం చేస్తావో చెయ్యమంటుంది.

అపోహ: పిక్సెల్ బొమ్మలు (చిన్న చిన్న చతురస్రాలతో గీసినవి) డబ్బుల్లేక వాడతారు

కొంత నిజమే. కానీ వేగంగా కదిలే గదిలో శత్రువు ఆకారాన్ని నేలనుంచి విడిగా చూపించడం అలాంటి బొమ్మల్లో సులువు. నేను అందానికంటే ముందు చూసేది దాన్నే.

అపోహ: ఈజీ మోడ్ పెడితే గేమ్ చచ్చిపోతుంది

హేడీస్ (2020)లో గాడ్ మోడ్ పెట్టుకుంటే మొదట తగిలే డామేజ్‌లో 20 శాతం తగ్గుతుంది. చచ్చిన ప్రతిసారీ ఆ తగ్గింపు ఇంకో 2 శాతం చొప్పున 80 వరకూ పెరుగుతుంది. శత్రువుల వేగం, దెబ్బల తీరు అవే, తప్పులకు మాత్రం చోటు పెరుగుతుంది. సెలెస్ట్ అయితే మొత్తం గేమ్ వేగాన్నే తగ్గించుకోనిస్తుంది. అందరి చేతులూ, కళ్లూ ఒకే వేగంతో పనిచేయవు. పక్కవాడు నెమ్మదిగా ఆడితే నా గెలుపుకి వచ్చిన నష్టమేంటో నాకింతవరకూ అర్థం కాలేదు.

అపోహ: చావు శిక్ష కాబట్టి ప్రతి చావుకూ ఏదో ఒకటి చేతిలో పెట్టాలి

రోగ్ (1980)లో సేవ్ చేసుకున్న ఫైల్‌ను మళ్లీ తెరవగానే గేమ్ దాన్ని చెరిపేస్తుంది, వెనక్కి వెళ్లే దారే ఉండదు. సూపర్ మీట్ బాయ్ (2010)లో చచ్చిన మరుక్షణం మళ్లీ లేచి నిలబడతారు, లెవెల్ గెలిచాక మీ చావులన్నీ ఒకేసారి తెర మీద పరిగెడతాయి. రెండూ రెండు కొసలు, కానీ రెంటిలోనూ ఆడేవాణ్ని విసిగించే అసలు శిక్ష లేదు: చూసిన సీనే మళ్లీ చూడటం, బాస్ (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువు) దాకా ఉత్తినే నడవడం, లోడింగ్ కోసం ఎదురుచూడటం.

ప్రతి ఓటమికీ శాశ్వతంగా కాస్త బలం అమ్మే పద్ధతి నాకంత నచ్చదు. చివరికి గెలిచినప్పుడు నా చేయి తిరిగిందా, కత్తి డామేజ్ పెరిగిందా అన్నది తేలదు. హేడీస్‌లో కూడా బలం పెంచుకునే అద్దం ఉంది. కానీ అక్కడ చచ్చి ఇంటికొస్తే, ఎవరి చేతిలో పోయారో దాన్ని పట్టుకుని ఇంట్లోవాళ్లు ఓ మాట అంటారు, కథ ఓ అడుగు కదులుతుంది. ఇవ్వాల్సి వస్తే నేనైతే అలాంటివే ఇస్తాను: ఓ మాట, లేదా వేరే రకంగా ఆడించే కొత్త ఆయుధం. డామేజ్ అంకె జోలికి పోను.